మినీ ట్రాక్టరుకు ట్రక్కు హుక్కు బిగించుకోవడం ఎలా: కొలత నుంచి మొదటి లోడు దాకా

మాది నూజివీడు దగ్గర మామిడి తోట. చెట్ల కిందుగా పెద్ద ట్రాక్టరు తిరగదని 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు కొన్నాం. రోటావేటరు తోలుకోవడం వరకు ఏ ఇబ్బందీ లేదు. కాయ కోతలు మొదలయ్యాక క్రేట్లు మోయడానికి చిన్న రెండు చక్రాల ట్రక్కు తగిలిద్దామంటే వెనక సరైన హుక్కు లేదని తెలిసింది. వెల్డింగ్ షాపుకు తోలుకెళ్తే అరగంటలో పని అయిపోయింది. టాప్ లింకు (రోటావేటరు లాంటి పనిముట్లను పై వైపు పట్టుకునే కడ్డీ) తగిలించే బ్రాకెట్టుకే ఒక ప్లేటు అతికించి, దానికో కన్నం వేసి ఇచ్చారు. "పైన ఉంటేనే లోడు బాగా లాగుద్ది" అన్నారు. నేనూ తలూపి వచ్చాను.

మూడో రోజు 50 క్రేట్లతో కాలవ గట్టు ఎక్కుతుంటే ముందు చక్రాలు రెండూ జానెడు పైకి లేచాయి. క్లచ్ తొక్కాను కాబట్టి దబ్బున మళ్లీ నేల మీద పడ్డాయి. బ్రేకు మీద కాలు పెట్టి అక్కడే ఆగిపోయాను. క్రేట్లన్నీ దింపించి, ఖాళీ ట్రక్కుతో ఇంటికి వచ్చాను. మర్నాడు ఆ ప్లేటు కోయించేసి, సరైన బ్రాకెట్టు తెచ్చి నేనే బిగించుకున్నాను. అప్పుడు తెలుసుకున్నవీ, తర్వాత తప్పులు చేసి నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. తెలంగాణలో కొన్నిచోట్ల ట్రాలీ, డబ్బా అంటారు. మా వైపు ట్రక్కు అంటాం కాబట్టి అదే మాట వాడతాను.

హుక్కు ఎంత ఎత్తులో ఉండాలి

బోల్టులూ స్పానర్లూ పక్కన పెట్టి ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకోవాలి. ట్రక్కును లాగే చోటు వెనక ఇరుసు మధ్య గీతకంటే కిందే ఉండాలి. ఇరుసుకు సమానంగా ఉన్నా ప్రమాదమే, పైకి పోతే చెప్పక్కర్లేదు. ఎందుకో కాస్త లెక్క వేసి చూపిస్తాను.

మినీ ట్రాక్టరు బరువు సుమారు 850 కిలోలు అనుకోండి. అందులో 40 శాతం, అంటే 340 కిలోలు ముందు చక్రాల మీద ఉంటుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం మీటరున్నర. ఇప్పుడు ట్రక్కు ముక్కు హుక్కు మీద 150 కిలోల బరువు మోపిందనుకుందాం. హుక్కు వెనక ఇరుసుకు అర మీటరు వెనక ఉంటే, ఆ బరువు ముందు చక్రాల మీద నుంచి 50 కిలోలు తీసేస్తుంది. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టే ఇదీ.

ఇక లాగుడు. మెత్తటి నేలలో 400 కిలోల బలంతో లాగుతున్నారనుకోండి. హుక్కు నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ముందు నుంచి మరో 107 కిలోలు వెనక్కి జరుగుతుంది. 340లో 50, 107 పోతే ముందు మిగిలేది 183 కిలోలు. మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉంటేనే స్టీరింగ్ మాట వింటుందని లెక్క. 850కి 20 శాతం 170 కాబట్టి గట్టెక్కాం, అంతంతమాత్రంగా.

అదే హుక్కును నాలాగా 70 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే వెనక్కి జరిగేది 187 కిలోలు. ముందు మిగిలేది 103. ఇంకా మనం చదును నేల మీదే ఉన్నాం. 10 డిగ్రీల వాలున్న గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు సొంత బరువులోనే ఇంకో 60 కిలోల దాకా వెనక్కి పోతుంది. అప్పుడు ముందు మిగిలేది 40 పైచిలుకు. ఒక రాయి తగిలినా, క్లచ్ మీద కాలు జర్రున జారినా ముందు భాగం లేవడానికి అది చాలు. లేచాక వెనక్కి బోర్లా పడడానికి ఒకటి రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్ తొక్కడానికి టైము దొరకడం అదృష్టం తప్ప తెలివితేటలేమీ కావు.

మినీ ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించే 8.3-20 సైజు వెనక టైరుకు ఇరుసు మధ్య గీత నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కాబట్టి హుక్కు పిన్ను 33 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉండేలా చూసుకోండి. మరీ కిందికి దించినా తిప్పలే. గట్టు దాటేటప్పుడు మట్టికి గీసుకుంటుంది, ట్రక్కు ముక్కు కిందికి వాలి లోడంతా ముందుకు జారుతుంది.

వెనక కూర్చుని చూడండి

పీట వేసుకుని ట్రాక్టరు వెనక కూర్చోండి. పీటీఓ షాఫ్టు (ఇంజను శక్తితో తిరుగుతూ వెనక పనిముట్లను నడిపే కడ్డీ) కింద ఏముందో చూడండి. సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది.

కొన్ని ట్రాక్టర్లకు గేరుబాక్సు కింద నుంచి వెనక్కి వచ్చే లావుపాటి ఇనుప పట్టీ ఉంటుంది. దాన్నే డ్రాబార్ అంటారు. అది ఉంటే మీ పని ముప్పావు వంతు అయిపోయినట్టే. ట్రక్కు రింగుకు సరిపడే హుక్కును దాని చివర బిగించుకుంటే చాలు.

రెండో రకం, లిఫ్టు కింది చేతులు రెండింటి మధ్య అడ్డంగా పెట్టే చిల్లుల బార్. ట్రాక్టరుతో పాటు చాలామందికి ఇదే ఇస్తారు. దీనికే ట్రక్కు తగిలించి తోలేవాళ్లు ఊరికి పది మంది కనిపిస్తారు. తోటలో ఖాళీ ట్యాంకు జరపడానికో, చిన్న రోలరు లాగడానికో పర్వాలేదు. అయితే కింది చేతులు పైకీ కిందికీ కదిలేవి. తోలేవాడి మోచెయ్యి లిఫ్టు లీవరుకు తగిలితే హుక్కు ఎత్తు మారిపోతుంది, ఇందాక చూసిన లెక్కంతా తలకిందులవుతుంది. ఈ బార్ వాడక తప్పదంటే చేతులు లేవకుండా పట్టుకునే స్టే రాడ్లు రెండు వైపులా బిగించాలి, పక్కలకు ఊగకుండా చెక్ చైన్లు బిర్రుగా తిప్పాలి. రోడ్డు మీద లోడు ట్రక్కుకు మాత్రం నేను దీన్ని ఒప్పుకోను.

మూడోది, వెనక హౌసింగ్‌కు (వెనక గేర్లు ఉండే ఇనుప పెట్టెకు) బోల్టులతో బిగించే హుక్కు బ్రాకెట్టు. రెండు నిలువు ప్లేట్లకు వరసగా కన్నాలుంటాయి. వాటి మధ్య రెండు చెవుల హుక్కును పైకీ కిందికీ మార్చుకోవచ్చు. మన పనికి సరిపోయేది ఇదే, మిగతా వ్యాసమంతా దీని గురించే.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. గేరుబాక్సు, డిఫరెన్షియల్ హౌసింగ్ పోత ఇనుముతో చేసినవి. వాటి మీద వెల్డింగ్ చేయించొద్దు, కొత్త కన్నాలు వేయించొద్దు. పోత ఇనుము వేడికి అతుకు పక్కనే సన్నగా చిట్లుతుంది. ఆ రోజు కనపడదు, ఆరు నెలలకు అక్కడ నూనె చెమ్మ పడుతుంది. తయారీదారు వేసి పంపిన కన్నాలే వాడుకోవాలి. ఆ కన్నాలకు సరిపోయే బ్రాకెట్టు మీ మోడల్ పేరు చెబితే డీలరు తెప్పిస్తారు. బయట చేయించిన దానికంటే ధర ఎక్కువే, కానీ కన్నాలు అచ్చంగా కుదురుతాయి, వారంటీ పేచీ కూడా రాదు.

కొలతలు

ట్రాక్టరును చదును నేల మీద, వీలైతే సిమెంటు కళ్లం మీద ఆపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉందో చూసుకోండి, మెత్తబడిన టైరు రెండు మూడు సెంటీమీటర్లు మోసం చేస్తుంది. కేజ్ వీల్స్ (బురద పనికి తగిలించే ఇనుప చక్రాలు) ఉంటే తీసేసి కొలవండి.

నేల నుంచి వెనక ఇరుసు మధ్యకు ఎంత ఉందో రాసుకోండి. తర్వాత ట్రక్కు దగ్గరికి వెళ్లి, తొట్టి చదునుగా ఉండేలా స్టాండు సరిచేసి, రింగు మధ్యకు నేల నుంచి ఎత్తు కొలవండి. తొట్టి అంచు మీద నీళ్లు సగం పోసిన సీసా పడుకోబెడితే చదును తెలిసిపోతుంది. రింగు ఎత్తు 33 నుంచి 40 సెంటీమీటర్లలో పడితే సరే. పెద్ద ట్రాక్టరు కోసం చేసిన ట్రక్కయితే రింగు 50 పైన ఉంటుంది. అప్పుడు ట్రాక్టరు హుక్కును పైకి జరిపి సరిపెట్టకండి. ట్రక్కు వైపే రింగు ప్లేటును తిరగేసి కిందికి బిగించండి, కుదరకపోతే ట్రక్కు ముందు చట్రానికి కింద ప్లేటు వేయించండి. ట్రక్కు చట్రం ఉక్కు ఛానలే కాబట్టి దానికి వెల్డింగ్ చేస్తే తప్పు లేదు.

ఇక హౌసింగ్ కన్నాల కొలత. చాలామంది తడబడేది ఇక్కడే. కన్నంలో ఉన్న బోల్టు ఒకటి విప్పి దుకాణానికి పట్టుకెళ్లండి. ఎం12 (12 మిల్లీమీటర్ల) బోల్టుల్లో 1.75 పిచ్, అంటే థ్రెడ్ల మధ్య దూరం మిల్లీమీటర్లలో, ఉంటుంది, 1.25 కూడా ఉంటుంది. ఎం16లో 2 ఉంటుంది, 1.5 కూడా ఉంటుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తప్పు పిచ్ బోల్టును స్పానరుతో తిప్పితే రెండు చుట్లు ఎక్కి కన్నంలోని థ్రెడ్లను తినేస్తుంది. ఏ బోల్టయినా మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే అది మీ బోల్టు కాదు.

కన్నం లోతు కూడా కొలవాలి. చీపురు పుల్ల లోపలికి దూర్చి, బయటి అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టి స్కేలు మీద చూడండి. దానికి బ్రాకెట్టు ప్లేటు మందం, వాషరు మందం కలిపితే బోల్టు ఎంత పొడవు దాటకూడదో తెలుస్తుంది. పొడవు ఎక్కువైతే బోల్టు కన్నం అడుగుకు తగిలి ఆగుతుంది. బిగిసినట్టే ఉంటుంది కానీ ప్లేటు వదులుగా ఉంటుంది. పొట్టిదైతే థ్రెడ్ల పట్టు చాలదు. పోత ఇనుములో బోల్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి దిగాలి. ఎం16 అయితే 24 మిల్లీమీటర్లు.

కొనాల్సినవి

బ్రాకెట్టు, రెండు చెవుల హుక్కు, పిన్ను, దానికి లాక్ క్లిప్పు, బోల్టులు, గట్టి వాషర్లు, ఒక వైరు బ్రష్షు. బోల్టు తల మీద దాని గట్టిదనం చెప్పే 8.8 అంకె అచ్చు ఉండాలి. ఏ అంకే లేనివి గేటు తలుపులకు వాడుకోండి. 10.9 ఇంకా గట్టిదని అదే అడగబోతారేమో, పోత ఇనుము కన్నంలో దాని స్థాయికి బిగిస్తే బోల్టుకు ఏమీ కాదు, కన్నంలో థ్రెడ్లు ఊడొస్తాయి. మాన్యువల్లో 10.9 అని రాసి ఉంటేనే వాడండి.

పిన్ను దగ్గర కక్కుర్తి పడకండి. స్లాబుకు వాడే ఊచ ముక్కను పిన్నుగా పెట్టుకుని తిరిగే ట్రక్కులు ఎన్నో చూస్తాం. అది వంగుతుంది, వంగాక బయటికి రాదు. సుత్తితో కొట్టి కొట్టి తీస్తే హుక్కు చెవులు సాగుతాయి. తలకాయ, కింద క్లిప్పు కన్నం ఉన్న గట్టి పిన్నే కొనండి. హుక్కు కన్నం కంటే మిల్లీమీటరు సన్నగా ఉంటే చాలు.

బిగించడం

ఇంజను ఆపండి, తాళం తీసి జేబులో వేసుకోండి. పార్కింగ్ బ్రేకు వేసి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లో చెక్కలో పెట్టండి. లిఫ్టు పూర్తిగా దించేయండి. లేచి ఉన్న చేతుల కింద తల పెట్టి పని చేయడం లాంటి పిచ్చి పని ఇంకోటి లేదు.

బ్రాకెట్టు ఆనే చోట హౌసింగ్ మీద మట్టి, గ్రీజు, పెయింటు గీకేయండి. బ్రాకెట్టు లోపలి ముఖం మీద పెయింటు మందంగా ఉంటే దాన్నీ గీకాలి. మధ్యలో పెయింటు ఉంటే పది రోజుల్లో అది నలిగిపోతుంది, బోల్టు తనంతట తనే వదులవుతుంది. మొదటిసారి నేను ఈ పని ఎగ్గొట్టాను. వారానికి నాలుగు బోల్టుల్లో రెండు వేళ్లతో తిరిగాయి.

కన్నాల్లో ఉన్న చెత్తను ఎయిర్ పట్టించి ఊదించండి, లేదా సైకిల్ పంపుతో ఊదండి. బ్రాకెట్టు బరువైనదే, ఒక మనిషిని తోడు పెట్టుకోండి. జాకీ మీద చెక్క వేసి దాని మీద బ్రాకెట్టు ఆనించి లేపితే కన్నాలకు ఎదురుగా నిలుస్తుంది. పై బోల్టులు రెండూ ముందు వేళ్లతో ఎక్కించండి, తర్వాత కిందివి. అన్నీ పట్టుకునేదాకా ఏదీ బిగించొద్దు.

బిగించే ముందు ఒకసారి చుట్టూ చూడండి. పీటీఓ గార్డుకు బ్రాకెట్టు తగులుతోందా? గేరు ఆయిల్ దింపే ప్లగ్గు కనపడుతోందా, దానికి స్పానరు పడుతుందా? హైడ్రాలిక్ ఫిల్టరు విప్పడానికి చోటుందా? ఇవి ఇప్పుడు చూసుకోకపోతే ఆయిలు మార్చే రోజు బ్రాకెట్టంతా విప్పాల్సి వస్తుంది.

ఇక ఎదురెదురు మూలల వరసలో బిగించండి. ఎడమ పైది, కుడి కిందది, కుడి పైది, ఎడమ కిందది. మొదటి చుట్టులో సగం బిగువు, రెండో చుట్టులో పూర్తి బిగువు. 8.8 బోల్టుకు ఉజ్జాయింపుగా ఎం12 అయితే 8 కిలోగ్రామ్-మీటర్లు (తిప్పే బలం కొలత, దూరం కాదు), ఎం14 అయితే 13, ఎం16 అయితే 20. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. బిగువు కొలిచి చూపే టార్క్ రెంచి లేనివాళ్లకు ఈ అంకెలు ఇలా అర్థమవుతాయి: స్పానరుకు పైపు తొడిగి బోల్టు మధ్య నుంచి సరిగ్గా మీటరు దూరంలో చెయ్యి వేసి, 20 కిలోల బియ్యం సంచి ఎత్తేంత బలం పెడితే అది 20. అర మీటరు దూరంలో పట్టుకుంటే 40 కిలోల బలం కావాలి. మూడడుగుల పైపు వేసి ఒళ్లంతా వాల్చితే ఎం12 బోల్టు తెగి చేతికొస్తుంది. థ్రెడ్లకు నూనె పూసి ఉంటే అదే బలానికి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది కాబట్టి పొడిగానే ఎక్కించండి.

అన్నీ అయ్యాక బోల్టు తల మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో అడ్డంగా ఒక గీత గీయండి. బోల్టు కొంచెం తిరిగినా గీత విడిపోయి కనపడుతుంది. రోజూ పొద్దున స్పానరు పట్టుకోనక్కర్లేదు, ఒక చూపు చాలు.

హుక్కును కొలుచుకున్న ఎత్తు కన్నంలో పెట్టి, దాని పిన్నులకు క్లిప్పులు వేయండి. ఇప్పుడు ఇంజను స్టార్ట్ చేసి, కింది చేతులు మొత్తం లేపి, దించి చూడండి. ఏదీ హుక్కుకు తగలకూడదు. రోటావేటరు పెట్టినప్పుడు దాని షాఫ్టుకు నా హుక్కు తగిలేది. అందుకే దుక్కి రోజుల్లో హుక్కు మాత్రం ఊడదీసి, బ్రాకెట్టు అలాగే ఉంచుతాను.

పీటీఓతో నడిచే బండి అయితే

తోటల్లో 500 లీటర్ల ట్యాంకుతో స్ప్రేయరు లాగేవాళ్లకు ఇంకో కొలత ఉంది. 540 ఆర్‌పీఎం పీటీఓకు షాఫ్టు చివర నుంచి హుక్కు పిన్ను మధ్యకు అడ్డంగా 14 అంగుళాలు ఉండాలని ప్రమాణం. హుక్కు మరీ దగ్గరగా ఉంటే మలుపులో షాఫ్టు జాయింట్లు విపరీతంగా వంగి టకటకమంటాయి, లోపలి గొట్టం అడుగుకు కొట్టుకుని గేరుబాక్సు బేరింగు మీద భారం పడుతుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు, పీటీఓ ఆపి, మీ తోటలో ఎంత ఇరుకు మలుపు తిరుగుతారో అంత తిప్పి ఆపి దిగి చూడండి. షాఫ్టు పూర్తిగా మూసుకోకూడదు, ఊడిపోయేంత సాగకూడదు. సాగినప్పుడు కూడా ఒకదాంట్లో ఒకటి కనీసం మూడో వంతు ఉండాలి. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఊడిపోతే కొత్తది వేసేదాకా పని ఆపేయండి. లుంగీ కొంగో, తువ్వాలో చుట్టుకుంటే విడిపించుకునే టైము ఉండదు.

ట్రక్కు తగిలించడం

రివర్సులో వచ్చేటప్పుడు ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య మనిషి నిలబడకూడదు. మన దగ్గర అందరూ చేసేది ఇదే: ఒకడు రింగు చేత్తో పట్టుకుని "రా, రా, రా" అంటుంటాడు. పక్కన నిలబడి చెయ్యి ఊపమనండి. దగ్గరికి వచ్చాక ట్రాక్టరు ఆపి, న్యూట్రల్ చేసి, బ్రేకు వేశాకే రింగు సర్దాలి. రింగు ఎత్తు చాలకపోతే ట్రక్కు స్టాండు జాకీతో సరిచేయండి, నడుముతో కాదు.

పిన్ను పై నుంచి కిందికి వేసి క్లిప్పు పెట్టండి. గట్టు దిగేటప్పుడు ట్రక్కు ముక్కు పైకి తంతుంది. క్లిప్పు లేని పిన్ను ఆ ఒక్క కుదుపుకే ఎగిరి పడుతుంది. రోడ్డెక్కే బండికి చైను కూడా వేసుకోండి. రింగు కింద నుంచి వచ్చి హుక్కు బ్రాకెట్టుకు తగిలించి, మలుపుకు సరిపడా మాత్రమే వదులుంచాలి.

లోడు సర్దేటప్పుడు ట్రక్కు మొత్తం బరువులో పదో వంతు ముక్కు మీద పడేలా చూసుకోవాలి. తెలుసుకోవడం తేలికే. మామిడి కాయలు తూచే కాటా మీద ట్రక్కు స్టాండు ఆనించి, ట్రక్కు చదునుగా ఉండేలా చూసి అంకె చదవండి. ట్రక్కు 400, క్రేటుకు 20 చొప్పున 40 క్రేట్లు 800, మొత్తం 1200 కిలోలు. కాటా 120 దగ్గర చూపిస్తే బాగుంది. 200 దాటితే క్రేట్లు ఒక వరస వెనక్కి జరపండి. వెనక బరువు ఎక్కువై ముక్కు తేలిపోతే ఇంకా ప్రమాదం, హుక్కును పైకి లేపి ట్రాక్టరు వెనక టైర్ల పట్టు తీసేస్తుంది. అన్‌లోడింగ్‌లో కూడా అంతే. ముందు నుంచి క్రేట్లు తీసేస్తూ వెనకవి ఉంచితే, పిన్ను తీసిన క్షణంలో ట్రక్కు వెనక్కి తిరగబడుతుంది.

ముందు బరువులు

ఇందాకటి లెక్కలో హుక్కు సరైన ఎత్తులో ఉన్నా, గట్టు ఎక్కేటప్పుడు ముందు 124 కిలోలే మిగులుతుంది. 20 శాతం కంటే తక్కువ. అందుకే ముందు బంపరుకు తగిలించే బరువులు. 20 కిలోలవి నాలుగు, ముందు ఇరుసుకు 60 సెంటీమీటర్ల ముందు తగిలిస్తే వాటి 80 కిలోలు ముందు చక్రాల మీద 112 కిలోలుగా పనిచేస్తాయి. ఇరుసుకు ముందు వేలాడుతున్నాయి కాబట్టి వెనక నుంచి కూడా కొంత లాక్కుంటాయి. ఇసుక బస్తా బానెట్ మీద కట్టి తోలేవాళ్లున్నారు. అది జారి చక్రం కింద పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మీ మోడల్‌కు ఎంత బరువు, ఎంత లాగుడు తట్టుకుంటుందో పరీక్షా నివేదికల్లో ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. మన అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కూడా దక్షిణ ప్రాంతానికి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. కొనేముందు డీలరును ఆ నివేదిక అడగండి. షోరూములో చెప్పే మాటలకంటే అది నయం.

మొదటి లోడు

మొదటి రోజు సగం లోడే వేయండి. చదును దారిలో, రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ ఓ వంద గజాలు వెళ్లి ఆపండి. దిగి తెల్ల గీతలు చూడండి, పిన్ను చూడండి. రెండు వైపులా పూర్తిగా స్టీరింగ్ తిప్పి ట్రక్కు ముందు మూల వెనక టైరుకు తగులుతుందేమో చూడండి. మినీ ట్రాక్టరుకు పెద్ద ట్రక్కు ముక్కు పొట్టిగా అనిపించేది ఇక్కడే.

బురదలో దిగబడితే ట్రక్కు విప్పి, ట్రాక్టరు బయటికి తెచ్చి, తర్వాత చైనుతో లాగండి. ఆ చైను కూడా హుక్కుకే, టాప్ లింకు బ్రాకెట్టుకు కాదు, ఇరుసుకు చుట్టి కాదు. చక్రాల ముందు దుంగ కట్టి గేరు వేయడం మా ఊళ్లో పాత అలవాటు. చక్రం తిరగలేకపోతే ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరుగుతుంది, అంటే ముందు లేస్తుంది.

దిగుడు మీద మరో సంగతి. ఈ చిన్న ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులుండవు. మొత్తం లోడును ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. ఎక్కిన గేరులోనే దిగండి, మధ్యలో క్లచ్ తొక్కొద్దు. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే లాకు రోడ్డు మీద తప్పకుండా వేసి ఉండాలి. లేకపోతే ఒక్క చక్రమే ఆగి, వెనక ట్రక్కు ట్రాక్టరును పక్కకు నెట్టేస్తుంది. మాన్యువల్లో ట్రక్కు బరువు ఎంత వరకని రాశారో అంతే. దానిలోపల కూడా నేను 40 క్రేట్లు దాటను. అప్పుడు వేసిన 50 నా మూర్ఖత్వం.

రోడ్డెక్కాలంటే వెనక రెడ్ రిఫ్లెక్టర్లు, పనిచేసే లైట్లు ఉండాలి. ట్రక్కు కూడా విడిగా రిజిస్ట్రేషన్ చేయించాల్సిన బండే. లైట్ల ప్లగ్గు బిగించాక ఎడమ ఇండికేటరు వేస్తే రెండూ మసకగా వెలిగితే అనుమానం అక్కర్లేదు, ఎర్త్ వైరు వదులైంది.

హుక్కు మీద నిలబడి, మడ్‌గార్డు పట్టుకుని వచ్చే కుర్రాళ్లను దింపేయండి. ట్రక్కులో కూలీలను ఎక్కించుకోవద్దు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలవలో పడి పది మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మహిళలే. కోతలప్పుడు మా తోటకు వచ్చే వాళ్లకు ఆటో పెడుతున్నాం. ఖర్చే, పెడుతున్నాం.

తర్వాత చూసుకునేవి

మొదటి 10 గంటల పని తర్వాత బోల్టులన్నీ మళ్లీ అదే బిగువుకు చూడండి, సాధారణంగా ఒకటి రెండు కాస్త తిరుగుతాయి. ఆ తర్వాత ఇంజను ఆయిలు మార్చిన ప్రతిసారీ చూస్తే సరిపోతుంది. బ్రాకెట్టు మూలల్లో, వెల్డింగ్ అంచుల్లో సన్నటి తుప్పు గీత కనపడితే అది పగులు మొదలవడమే. పెయింటు వేసి కప్పెట్టకండి. పిన్నుకు, రింగుకు గ్రీజు పూయొచ్చు కానీ మన ఎర్రమట్టి దానికి అంటుకుని గరుకు రాయిలా అరగదీస్తుంది. నేనైతే వారానికోసారి గుడ్డతో తుడిచి కొంచెం కొత్తది పూస్తాను.

పిన్ను ఎక్కడైనా 2 మిల్లీమీటర్లు అరిగితే మార్చేయండి. పాతది షెడ్డులో మాత్రం ఉంచొద్దు, పాత ఇనుములో పడేయండి. కోతల హడావుడిలో కొత్త పిన్ను కనపడకపోతే ఎవరో ఒకరు దాన్నే వెతికి పట్టుకొచ్చి పెడతారు. మా ఇంట్లో పెట్టారు.